మీటలు మొరాయించిన చోట: క్రిస్టఫర్ షోల్స్ కథ

శివరాత్రి సెలవులకు వేములవాడలో ఇంటికి పోయిన. బయట జాతర మోత. లోపల నేను, నా లాప్‌టాప్. వేములవాడ చాళుక్యుల మీద మన పత్రికకు వ్యాసం ఇస్తానని ఎడిటర్ అన్నకు మాటిచ్చి అప్పటికే రెండు వారాలు దాటింది. ఆ రాత్రి ఎట్లైనా పూర్తి చేయాలని కూసున్న. మొదటి పేరాలోనే చాళుక్యులు చాళుకయులు అయ్యారు. రాజన్న రాజనన అయ్యిండు. ధర్మగుండం ధరమగుండం అయ్యింది. కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద శాసనం చెక్కించిన జినవల్లభుడు జినవలలభుడు అయ్యాడు. అరికేసరి, పంపకవి మాత్రం పేరులో ఒత్తులు లేక బతికిపోయారు.

ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేసేవాళ్లకు సంగతి ఈపాటికి అర్థమై ఉంటుంది. అందులో పొల్లు గుర్తు డి మీట మీద ఉంటుంది. న కొట్టి, పొల్లు కొట్టి, మళ్లీ న కొడితేనే న్న అవుతుంది. డి పోయిందంటే ఒక్క అక్షరం పోయినట్టు కాదు, తెలుగులో ఉన్న ఒత్తులన్నీ పోయినట్టే. అది చాలదన్నట్టు కాసేపటికి ఓ, ఎల్, చుక్క మీటలు కూడా పలకడం మానేశాయి. అంటే ద లేదు, త లేదు, వాక్యం ముగిద్దామంటే ఫుల్‌స్టాప్ కూడా లేదు.

మా పెద్దబాపు చాలా ఏండ్లు ఆఫీసుల ముందట టైప్ మిషన్ పెట్టుకుని అర్జీలు, అఫిడవిట్లు కొట్టి బతికినోడు. కంప్యూటర్లు వచ్చినంక ఆ పని పోయింది. మిషన్ ఇప్పుడు అటక మీద ఉన్నది. నేను డి మీటను గోరుతో పీకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపిండు. ఏమైందో తెల్వకుండా పీకొద్దన్నడు. ఈ అక్షరాలను ఈ వరుసల పెట్టింది ఎవరో ఎరుకేనా అని అడిగిండు. తెల్వదన్న. మీటలు ఇరుక్కుపోతుంటేనే ఈ వరుస పుట్టిందని టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టర్ చెప్పిండట, మనిషి పేరు మాత్రం ఆయనకు యాదికి లేదు. ఫోన్‌లో వెతికితే పేరు దొరికింది. క్రిస్టఫర్ లాథమ్ షోల్స్. ఆయన గురించి చదువుకుంటూ పోతే తెల్లారింది. చాళుక్యుల వ్యాసం పక్కకు పోయి, ఈ వ్యాసం వచ్చింది.

అచ్చు కొట్టులో పిల్లవాడు

షోల్స్ 1819 ఫిబ్రవరి 14న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మూర్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 14 ఏళ్ల వయసుకే దగ్గర్లోని డాన్‌విల్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ రోజుల్లో అచ్చు పని అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో ఏరి, వరుసలో పేర్చడం. అక్షరాలుండే చెక్క అరల్లో ఎక్కువగా వాడే ఇ లాంటి అక్షరానికి పెద్ద అర, చేతికి దగ్గరగా ఉండేది. అరుదుగా వచ్చే అక్షరాలు మూలకు పోయేవి. ఏ అక్షరం ఎక్కడ ఉంటే చెయ్యి తొందరగా ఆడుతుందో ఆ కుర్రాడి వేళ్లకు నాలుగేళ్లలో బాగా తెలిసి ఉంటుంది.

1837లో ఆయన పడమటికి, అప్పుడప్పుడే జనం స్థిరపడుతున్న విస్కాన్సిన్‌కు వెళ్లాడు. 1840 నుంచి సౌత్‌పోర్ట్ అనే ఊళ్లో టెలిగ్రాఫ్ అనే పత్రిక నడిపాడు. ఆ ఊరినే ఇప్పుడు కెనోషా అంటారు. 1841లో మేరీ జేన్ మెకినీతో పెళ్లయింది. వాళ్లకు పదిమంది పిల్లలు.

మనం షోల్స్‌ను మిషన్ కనిపెట్టినవాడిగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ఆయన ఊరివాళ్లకు ముందు పత్రికల మనిషి, ఆ తరువాత రాజకీయాల మనిషి. విస్కాన్సిన్ 1848లో రాష్ట్రం అయ్యింది. ఆ ఏడాదే ఆయన రాష్ట్ర సెనేట్‌లో సభ్యుడయ్యాడు. 1851 ఆగస్టులో కెనోషాలో జాన్ మెకాఫ్రీ అనే వ్యక్తిని, భార్యను చంపిన నేరానికి, వేలమంది చూస్తుండగా ఉరి తీశారు. ప్రాణం పోవడానికి చాలాసేపు పట్టింది. అది చూసినవాళ్లలో చాలామంది కలత పడ్డారు. షోల్స్ పత్రిక మరణశిక్షకు వ్యతిరేకంగా గట్టిగా రాసింది. ఆయన రాయడంతో ఆగలేదు. దిగువ సభకు ఎన్నికై, శిక్ష రద్దు కోసం అక్కడ పోరాడాడు. 1853లో విస్కాన్సిన్ మరణశిక్షను రద్దు చేసింది. ఆ తరువాత ఇప్పటిదాకా ఆ రాష్ట్రం ఎవరికీ ఆ శిక్ష అమలు చేయలేదు.

టైప్‌రైటర్ కథలో ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. తప్పు కనబడితే మొహం తిప్పుకోని మనిషి ఆయన అని చెప్పడానికే. రెండేళ్లు పట్టినా దాని వెంటే ఉన్నాడు. తరువాత మీటల వెంట కూడా అట్లాగే ఉన్నాడు, అక్కడ రెండేళ్లు సరిపోలేదు, అంతే తేడా.

ఒక్క డబ్ల్యూ

తరువాత షోల్స్ మిల్వాకీకి మారాడు. అక్కడ పత్రికలకు సంపాదకుడిగా పనిచేశాడు. లింకన్ ప్రభుత్వం ఆయనను మిల్వాకీ ఓడరేవు సుంకాల అధికారిగా వేసింది. ఆ ఉద్యోగంలో కొంత తీరిక దొరికింది. తీరిక దొరికితే ఆయన క్లైన్‌స్టూబర్ వర్క్‌షాప్‌కు పోయేవాడు. మిల్వాకీలో ఏదైనా కొత్తది తయారు చేయాలనుకునేవాళ్లంతా చేరే చోటు అది. మన కాలేజీలో వర్క్‌షాప్ వెనకాల ప్రాజెక్టులు చేసుకునే బ్యాచ్‌లాంటిదన్నమాట.

అక్కడ శామ్యూల్ సూలే అనే ప్రింటర్‌తో కలిసి పుస్తకం పేజీలకు, టికెట్లకు వరుస నంబర్లు కొట్టే యంత్రం చేశాడు. 1866 నవంబరులో దానికి పేటెంట్ వచ్చింది. అదే షాపులో కార్లోస్ గ్లిడెన్ అనే ఇంకో ఆయన యంత్రపు నాగలి మీద పనిచేస్తుండేవాడు. అంకెలు కొట్టే మిషన్ అక్షరాలు ఎందుకు కొట్టకూడదని గ్లిడెన్ అడిగాడు. 1867 జులైలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జాన్ ప్రాట్ అనే ఆయన చేసిన రాత యంత్రం గురించి ఒక వ్యాసం వచ్చింది. అది చదివాక షోల్స్‌కు అంతకన్నా తేలికైన దారి ఉంటుందనిపించింది.

మొదటి ప్రయోగంలో ఒకే ఒక్క మీట. ఒక టెలిగ్రాఫ్ మీట తీసుకుని, దాన్ని నొక్కితే సన్నని కడ్డీ ఒకటి కిందినుంచి పైకి లేచి తగిలేటట్టు అమర్చాడు. కడ్డీ కొసన డబ్ల్యూ అక్షరం. పైన గాజు పలక, కాగితం, కార్బన్. కార్బన్ కాగితం కోసం మిల్వాకీ టెలిగ్రాఫ్ ఆఫీసుకు వెళ్లినప్పుడే చార్లెస్ వెల్లర్ అనే కుర్ర ఆపరేటర్‌తో ఈ సంగతి చెప్పి, వచ్చి చూడమన్నాడు. వెల్లర్ చూస్తుండగా మీట నొక్కుతూ కాగితాన్ని జరుపుతూ పోతే డబ్ల్యూల వరుస పడింది. దాంతో ఒక్క మాట కూడా రాయలేం. కానీ వేలితో నొక్కితే కాగితం మీద అచ్చు అక్షరం పడుతుందని రుజువైంది. ఎంబెడెడ్ ల్యాబ్‌లో మొదటి రోజు ఒక్క ఎల్ఈడీ వెలిగించి సంబరపడతాం గదా, అట్లాంటి రోజు అది.

షాపులో మథియాస్ ష్వాల్‌బాక్ అనే చెయ్యి తిరిగిన మెకానిక్ ఉండేవాడు. ఆయన సాయంతో ఆ ఏడాదే అక్షరాలన్నీ ఉన్న మిషన్ తయారైంది. 1868 జూన్ 23న షోల్స్, గ్లిడెన్, సూలే ముగ్గురి పేర్ల మీద 79,265 నంబరు పేటెంట్ వచ్చింది. ఆ తొలి మిషన్ల మీటలు పియానో మీటల్లా నలుపు, తెలుపు పట్టీలు. అక్షరాలు దాదాపు వర్ణమాల క్రమంలోనే ఉండేవి. 0, 1 అంకెలకు మీటలే లేవు. ఓ అక్షరంతో సున్నా, ఐ అక్షరంతో ఒకటి సరిపెట్టుకునేవారు.

విరగ్గొట్టేవాడు దొరికాడు

కొత్త మిషన్ మీద కొట్టిన ఉత్తరాలను షోల్స్ తెలిసినవాళ్లకు పంపాడు. అందులో ఒకటి పెన్సిల్వేనియాలో ఉన్న జేమ్స్ డెన్స్‌మోర్‌కు చేరింది. ఆయన పాత పరిచయస్తుడు, పత్రికల్లో పనిచేసినవాడు, తరువాత వ్యాపారంలోకి దిగినవాడు. మొండివాడు, నోరు గట్టిది. మిషన్‌ను కంటితో చూడకుండానే 600 డాలర్లు కట్టి నాలుగో వంతు వాటా కొన్నాడు. 1868లో మిల్వాకీ వచ్చి చూశాక, ఆలోచన నిలబడుతుందని చూపించడానికి తప్ప ఈ మిషన్ ఎందుకూ పనికిరాదని తేల్చేశాడు. మళ్లీ చేయమన్నాడు. కొంతకాలానికి సూలే, గ్లిడెన్ ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. మిగిలింది షోల్స్, ఆయన్ను నెట్టుతూ ఉండే డెన్స్‌మోర్.

డెన్స్‌మోర్ చేసిన మంచి పని ఒకటుంది. మిషన్లను మెచ్చుకునేవాళ్లకు కాకుండా, రోజంతా వాటితో పని ఉన్నవాళ్లకు పంపించాడు. వాషింగ్టన్‌లో కోర్టు వాంగ్మూలాలు రాసే స్టెనోగ్రాఫర్ జేమ్స్ క్లెఫేన్ వాళ్లలో ఒకడు. క్లెఫేన్ దగ్గరికి వెళ్లిన మిషన్ ఏదీ బాగుండి తిరిగి రాలేదు. ఎంత వేగంగా కొట్టగలడో అంత వేగంగా కొట్టి, ఒకదాని తరువాత ఒకటి విరగ్గొట్టాడు. ప్రతిదానితో పాటు లోపాల చిట్టా పంపేవాడు. ఫలానా అక్షరం పడలేదు, ఫలానా కడ్డీ వంగింది, ఫలానా చోట వరుస వంకర పోయింది. మెత్తగా చెప్పే అలవాటు కూడా ఆయనకు లేదు.

షోల్స్‌కు విసుగొచ్చింది. రాత్రింబగళ్లు కూర్చుని చేసిన వస్తువును ఒకడు విరగ్గొట్టి, పైగా తిట్టి పంపితే ఎవరికైనా మండుతుంది. ఒక దశలో ఇక చాలు, వదిలేద్దామన్నంత దూరం వచ్చాడు. డెన్స్‌మోర్ ఒప్పుకోలేదు. లోపాలన్నీ ఇప్పుడు, మన చేతిలో ఉండగానే బయటపడాలి గానీ, అమ్మిన తరువాత కాదని ఆయన వాదన. షోల్స్ మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు. అట్లా ఐదారేళ్లలో పాతికకు పైగా నమూనాలు చేశాడు. ఒక్కోదానిలో ఒక్కో లోపం పోయేది, ఇంకోటి బయటపడేది. ఈ రోజు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ అని పెద్ద పేరు పెట్టి చేసే పని ఇదే. అప్పటికి ఆ పేరు లేదు, దానికి జీతమూ లేదు. ఆ క్లెఫేనే తరువాత లైనోటైప్ అనే అచ్చుకూర్పు యంత్రం రావడానికి కూడా వెనక నిలబడ్డాడు.

వరుస మారిన కథ

ఇప్పుడు మా పెద్దబాపు అడిగిన ప్రశ్నకు వద్దాం.

షోల్స్ మిషన్‌లో అక్షరాల కడ్డీలన్నీ గుండ్రంగా ఒక బుట్టలాగా, కాగితం కింద వేలాడుతుంటాయి. మీట నొక్కితే దాని కడ్డీ కిందినుంచి పైకి లేచి, కాగితాన్ని తాకి, తన బరువుతో తానే కిందికి పడాలి. ఆ పడటం నెమ్మది. మొదటి కడ్డీ దిగేలోపు పక్కనున్న రెండోది లేస్తే రెండూ కొట్టుకుని ఇరుక్కుంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. అక్షరం కాగితం అడుగున పడుతుంది కాబట్టి కొట్టేవాళ్లకు అది కనబడదు. కాగితం కొన్ని వరుసలు పైకి జరిగాక గానీ, లేదా క్యారేజ్ ఎత్తి చూస్తే గానీ తప్పు పడిన సంగతి తెలియదు. నా లాప్‌టాప్‌లో రాజనన అని పడగానే నాకు కనబడింది. ఆనాటి వాళ్లకు ఆ సుఖం కూడా లేదు.

అందుకే షోల్స్ అక్షరాల చోట్లు మారుస్తూ పోయాడు. రెండు వరుసలు నాలుగు వరుసలయ్యాయి. 1872 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ ముఖచిత్రంగా ఆయన మిషన్ బొమ్మ వేసింది. అప్పటికే అక్షరాల పై వరుస క్యూ, డబ్ల్యూ, ఇ తో మొదలవుతోంది. ఇప్పుడు ఆర్ ఉన్న చోట మాత్రం అప్పుడు చుక్క ఉండేది. తరువాత ఫ్యాక్టరీలో అది కూడా మారి, ఈ రోజు మనం క్వర్టీ అని పిలిచే వరుస దాదాపుగా తయారైంది.

ఎందుకు ఈ వరుసే అన్నదానికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది. వెంటవెంటనే వచ్చే అక్షరాల కడ్డీలను బుట్టలో దూరదూరంగా పెట్టి, ఇరుక్కోకుండా చేశాడని. ఇందులో నిజం లేకపోలేదు, కానీ మొత్తం ఇదే కాదు. ఇంగ్లిష్‌లో ఇ, ఆర్ పక్కపక్కనే ఎన్నిసార్లు వస్తాయో మనకు తెలుసు. అవి క్వర్టీలో పక్కపక్కనే ఉన్నాయి. 2011లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో వాదన తెచ్చారు. తొలి మిషన్లను వాడినవాళ్లలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లున్నారు, మోర్స్ సంకేతాలు వింటూ అక్షరాలు కొట్టేటప్పుడు వాళ్లకు వచ్చే ఇబ్బందులను బట్టి కూడా చోట్లు మారాయని వాళ్లు చూపించారు. ఇక మధ్య వరుస చూడండి. డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. మధ్యలో ఇ, ఐ తీసేస్తే అది వర్ణమాల క్రమమే. మొదటి మిషన్ తాలూకు ఆనవాలు మన చేతుల కింద ఇంకా అట్లాగే ఉంది.

అంటే ఈ వరుస ఒకరోజు కూర్చుని లెక్కలు కట్టి గీసింది కాదు. ఒక ఫిర్యాదు రావడం, ఒక అక్షరం జరగడం, మళ్లీ ఫిర్యాదు రావడం. ఇట్లా ఏళ్ల తరబడి చేసిన మరమ్మతుల మొత్తమే మన కీబోర్డు.

పన్నెండు వేల డాలర్లు

1873 మార్చి 1న న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లో ఉన్న రెమింగ్టన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. వాళ్లది తుపాకుల ఫ్యాక్టరీ. అంతర్యుద్ధం ముగిశాక తుపాకులకు గిరాకీ తగ్గి, కుట్టుమిషన్ల వంటివి చేస్తున్నారు. 1874లో షోల్స్ అండ్ గ్లిడెన్ పేరుతో టైప్‌రైటర్ బజారుకు వచ్చినప్పుడు చూస్తే అచ్చం కుట్టుమిషన్‌లాగానే ఉండేది. కింద ఇనుప స్టాండు, కాలితో తొక్కితే క్యారేజ్ వెనక్కి వచ్చే పెడల్, పైన రంగురంగుల పూల బొమ్మలు. ధర 125 డాలర్లు. అన్నీ పెద్ద అక్షరాలే, చిన్న అక్షరాలు లేవు. షిఫ్ట్ మీటతో రెండూ కొట్టగలిగిన రెమింగ్టన్ నంబర్ 2 వచ్చింది 1878లో. అదే ఏడాది క్వర్టీ వరుస ఉన్న షోల్స్ పేటెంట్ కూడా మంజూరైంది.

మొదట్లో మిషన్ సరిగా అమ్ముడుపోలేదు. చేతిరాతే మర్యాద అనుకునే కాలం అది. షోల్స్ అప్పటికే అలిసిపోయాడు. ఇంట్లో పెద్ద సంసారం. తన హక్కును 12,000 డాలర్లకు అమ్మేసుకున్నాడు. డెన్స్‌మోర్ మాత్రం అమ్మకుండా, ప్రతి మిషన్ మీద రాయల్టీ తీసుకునే పద్ధతిలో నిలబడ్డాడు. తరువాత టైప్‌రైటర్ లేని ఆఫీసు లేదన్న రోజులొచ్చాయి. డెన్స్‌మోర్‌కు లక్షల డాలర్లు ముట్టాయి. షోల్స్‌కు ఆ పన్నెండు వేలే.

దీన్ని తెలివితక్కువతనం అనడం మనకు తేలిక. ఏడేళ్లు లోపాలే చూసిన కళ్లకు ఆ మిషన్‌లో లక్షలు కనబడి ఉండవు, ఇంకా మిగిలిన లోపాలే కనబడి ఉంటాయని నాకనిపిస్తుంది.

ఆయనకు ఇంకో రకం ఫలితం మాత్రం కళ్లముందే కనబడింది. 1872లో తీసిన ఒక ఫొటోలో ఆయన కూతురు లిలియన్ తండ్రి మిషన్ ముందు కూర్చుని టైప్ చేస్తూ ఉంటుంది. అప్పట్లో ఆఫీసు గుమస్తా పని అంటే మగవాళ్లదే. టైప్‌రైటర్ వచ్చాక ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. 1881లో న్యూయార్క్‌లోని వైడబ్ల్యూసీఏ యువతులకు టైపింగ్ క్లాసులు మొదలుపెట్టింది. కొద్ది ఏళ్లలోనే వేలమంది ఆడవాళ్లు ఆ పని నేర్చుకుని సొంత జీతం తెచ్చుకున్నారు. ఎంతో కష్టం చేసి బతికే ఆడవాళ్లకు తన మిషన్ ఒక దారి చూపిందని షోల్స్ చివరి రోజుల్లో తృప్తి పడ్డాడు. మన జిల్లాల్లో కూడా ఒకప్పుడు లోయర్, హయ్యర్ పాసై ఉద్యోగాల్లో చేరిన అమ్మలు, అత్తమ్మలు ఎంతమందో. మీ ఇంట్లో అడిగి చూడండి, ఒక్కరైనా ఉంటారు.

చివరి ఏళ్లలో షోల్స్‌ను క్షయ పట్టుకుంది. మంచం మీదనుంచే కొత్త మిషన్ల బొమ్మలు గీశాడు. 1889లో ఇంకో టైప్‌రైటర్‌కు పేటెంట్ అర్జీ పెట్టాడు. అది ఆయన పోయాక, 1896లో మంజూరైంది. అందులో అక్షరాల వరుస క్వర్టీ కాదు, పూర్తిగా వేరేది. ఇది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. లోకమంతా ఆయన వరుసకు అలవాటు పడుతుంటే, ఆయన మాత్రం అది పూర్తయిందని అనుకోలేదు. ఇంకా బాగుచేస్తూనే ఉన్నాడు.

1890 ఫిబ్రవరి 17న, 71 ఏళ్లు నిండిన మూడో రోజున, మిల్వాకీలో చనిపోయాడు. అక్కడి ఫారెస్ట్ హోమ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

మళ్లీ మా ఇంట్లో

తెల్లారి పెద్దబాపు, నేను లాప్‌టాప్ ముందు కూసున్నం. ముందుగా అది సాఫ్ట్‌వేర్ తప్పా, మీటల తప్పా తేల్చుకోవాలి. కుడి షిఫ్ట్ మీటను ఎనిమిది సెకన్లు అట్లాగే పట్టుకుంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ అయిపోతుంది, అప్పుడు మామూలుగా కొట్టినా అక్షరాలు పడవు. అది చూసిన, ఆఫ్‌లోనే ఉన్నది. స్క్రీన్ మీది కీబోర్డు తెరిచి మౌస్‌తో డి నొక్కితే పొల్లు పడింది. పక్కింటి నుంచి యూఎస్‌బీ కీబోర్డు తెచ్చి పెడితే అన్నీ పడ్డయి. అంటే తప్పు లాప్‌టాప్ మీటల్లోనే.

ఇక ఏవేవి పోయినయో పూర్తి లెక్క కావాలి. పెద్దబాపు లాప్‌టాప్‌ను తన దిక్కు తిప్పుకున్నడు. ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఒక్కసారి వేళ్లతో మధ్య వరుసను తడిమి, కళ్లు ఎత్తి గోడ దిక్కు చూస్తూ కొట్టుడు షురూ చేసిండు. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు నేర్పే పాఠం. కింద చూడలేదు. తరువాత పై వరుస, తరువాత కింది వరుస. పడనివి నాలుగే అని తేలింది. డి ఒక్కటి ఒక దిక్కు. ఓ, ఎల్, చుక్క ఇంకో దిక్కు.

మన కీబోర్డు కింద ప్లాస్టిక్ పొరల మీద అడ్డం గీతలు, నిలువు గీతలుగా సర్క్యూట్ ఉంటుంది. ప్రతి మీట ఒక అడ్డం గీత, ఒక నిలువు గీత కలిసే చోట ఉంటుంది. కంట్రోలర్ ఒక్కో గీతను వరుసగా తడిమి చూసి, ఎక్కడ రెండూ అంటుకున్నాయో దాన్ని బట్టి ఏ మీట నొక్కారో తెలుసుకుంటుంది. ఒక్క మీట పోతే సాధారణంగా ఆ మీట కిందే ఏదో ఉంటుంది. కొన్ని మీటలు గుంపుగా పోతే, అవన్నీ ఒకే గీత మీద ఉండి ఆ గీత తెగి ఉండొచ్చు, లేదా లోపలి రిబ్బన్ కేబుల్ వదులై ఉండొచ్చు.

పవర్ ఆపి, డి మీటను ఒక పక్కనుంచి మెల్లగా లేపినం. కింద రబ్బరు బుడిపె పక్కన పుట్నాల పొట్టు. జాతరల కొన్న పేలాలు, పుట్నాలు తింటూ టైప్ చేసిన పుణ్యం. బ్రష్‌తో తుడిచి, మీటను మళ్లీ కూసోబెట్టినం. రాజన్నకు ఒత్తు వచ్చింది. మిగతా మూడు మీటలు మాత్రం రాలేదు. మూడు నెలల కింద హాస్టల్‌లో ఒలికిన చాయ్ యాదికొచ్చింది. తుడిచిన, ఎండబెట్టిన, అయిపోయిందనుకున్న. చక్కెర నీళ్లు లోపలి గీతను మెల్లమెల్లగా తిన్నట్టున్నది. కరీంనగర్ తీసుకపోయి చూపిస్తే కీబోర్డు మొత్తం మార్చాలన్నరు. మార్పించిన. మీకు చెప్పేదొక్కటే, ఏదన్నా ఒలికితే వెంటనే పవర్ తీసేయండి, తరువాత చూసుకుందాం అనుకోవద్దు.

ఆ సాయంత్రం పెద్దబాపు అటక మీది మిషన్ దించమన్నడు. దానికి తుప్పు పట్టింది, రిబ్బన్ ఎండిపోయింది. తెలుగు మిషన్లలో ఒత్తులు వేసే కొన్ని మీటలు కొట్టినా క్యారేజ్ ముందుకు జరగదట, వాటిని డెడ్ కీ అంటరట. నా డి మీట డెడ్ అయ్యిందని నేనంటే ఆయన ఎందుకు నవ్విండో అప్పుడు అర్థమైంది. మిషన్ మూత తీస్తే కడ్డీలు వరుసగా కనబడ్డయి. రెండు మీటలు ఒక్కసారి నొక్కి చూపించిండు. రెండు కడ్డీలు లేచి, మధ్యలో కొట్టుకుని ఇరుక్కున్నయి. షోల్స్ ఏండ్లకేండ్లు దేనితో కొట్లాడిండో మా ఇంట్లో, నా కండ్ల ముందట ఉన్నది. పెద్దబాపు వేలితో వాటిని మెల్లగా విడదీసి, ఎవరినీ ఏమీ అనకుండా కిందికి దించిండు. ఆ పని ఆయన ఎన్ని వేలసార్లు చేసిండో.

నా లాప్‌టాప్‌లో కొట్టుకునే కడ్డీలు లేవు. అయినా అక్షరాలు అదే వరుసలో ఉన్నాయి. ఆ వరుస వచ్చిన కష్టం పోయింది గానీ, ఆ కష్టానికి వెతికిన ఉపాయం మన వేళ్లలో ఉండిపోయింది.

చాళుక్యుల వ్యాసం వచ్చే సంచికకు ఇస్తానని ఎడిటర్ అన్నకు చెప్పిన. ఇది మాత్రం కొత్త కీబోర్డు మీద కొట్టింది. పైనుంచి కిందిదాకా పెద్దబాపు చదివి రెండు ఒత్తులు తప్పు పట్టిండు. అవి మీట తప్పు కాదు, నా తప్పే. దిద్దిన.